మంట పోయిన పాదాలు

నా కాలి సంగతి మొదట బయటపెట్టింది మా తోడికోడలు నాగూరమ్మ. నిజానికి ఆమె నాకు చెప్పలేదు. మా మేకకు చెప్పింది.

అప్పటికి మా ఇద్దరికీ మాటలు ఆగిపోయి ఏడాది దాటింది. ఒకే ఇల్లు, మధ్యలో ఒకే వసారా. అటు గదులు వాళ్ళవి, ఇటు గదులు మావి. వసారా గుంజకు కట్టేసిన మేక పేరు చుక్క. నాగూరమ్మకు నాతో పని పడితే చుక్కతో చెప్పేది. "ఓసే చుక్కా, కుళాయి వచ్చింది, బిందె పెట్టుకోమనవే." నేనూ చుక్కతోనే జవాబు చెప్పేదాన్ని. "ఎప్పుడో పెట్టుకున్నారని చెప్పవే." పాపం ఆ మేక మా ఇద్దరి మొహాలూ చూస్తూ నెమరేసేది.

మాది వినుకొండ వైపు ఊరు. మేం దూదేకులవాళ్ళం. మా ఆయన ఖాసిం పరుపులు, దిండ్లు కుడతాడు. దానితోపాటు ఎకరం కౌలుకు తీసుకుని మిరప వేస్తాం. ఆ రోజు కాయ ఆరబోసిన కల్లం నుంచి ఇంటికొచ్చాను. పెళ్ళిళ్ళ రోజులు దగ్గర పడుతున్నాయని మా ఆయన ఏకిన దూది వసారా నిండా పరిచాడు. దాహంగా ఉంది. ఆ దూది అంచు మీదుగానే నడిచి, మూలనున్న కుండలో నీళ్ళు ముంచుకున్నాను. వెనక నుంచి నాగూరమ్మ కేక.

"ఓసే చుక్కా! ఆ దూదిలో నెత్తుటి అడుగులు ఎవరివే? ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోమనవే ఆ మహాతల్లిని!"

తిరిగి చూశాను. తెల్లటి దూదిలో గుమ్మం దగ్గర్నుంచి కుండ దాకా ఎర్రటి అడుగులు. అన్నీ కుడికాలివే. పొద్దుటి నుంచి ఎర్రటి కాయల మీద తిరిగాను కదా, అక్కడ ఎవరి కంటికి ఆనుతుంది? దూది మీదికొచ్చాక దాగలేదు.

చెంబు కింద పెట్టి పాదం తిప్పి చూశాను. చిటికెన వేలి కింద పుండు, చుట్టూ నల్లగా. అంత పుండుంటే నొప్పి ఉండాలిగా? లేదు. వేలు పెట్టి నొక్కాను. అప్పుడూ లేదు. వేరేవాళ్ళ కాలు నొక్కినట్టుంది.

షుగరు నాకు అంతకు కొన్నేళ్ళ ముందే బయటపడింది. మా ఊరి బడిలో డాక్టర్లు వచ్చి ఊరందరికీ పరీక్షలు చేసిన రోజున తెలిసింది. రోగం వచ్చినందుకు నేనంతగా ఏడవలేదు. అందరి కళ్ళూ నా కంచం మీదికి వచ్చినందుకు ఏడ్చాను. అన్నం కాస్త ఎక్కువ పెట్టుకుంటే మా ఆయన దగ్గేవాడు. టీ తాగుతుంటే పక్కింటామె "అందులో చక్కెరేమన్నా వేశావా?" అని అడిగేది. చిన్నపిల్లకు కూడా తన ముద్ద మీద తనకు అధికారం ఉంటుంది, నాకు లేకుండా పోయింది. ఒంట్లో బాగుంటే మాత్రలు మానేసేదాన్ని, తల తిరిగితే మళ్ళీ వేసుకునేదాన్ని. పరీక్షకు పోయే ముందు నాలుగు రోజులు నోరు కట్టుకుని, అంకె తక్కువొస్తే పండగ చేసుకునేదాన్ని. ఎక్కువొస్తే దొంగతనం చేసి దొరికినట్టు తల దించుకునేదాన్ని. ఆ తల దించుకోవడానికి భయపడి కొన్నిసార్లు పరీక్షకే పోలేదు.

నాగూరమ్మతో మాటలు పోయింది కూడా దీని వల్లే. మా ఆడపడుచు కూతురి నిఖాలో బంతిలో కూర్చున్నాను. లడ్లు వడ్డించే అతను నా దాకా వచ్చాడు. ఆ చివర్నుంచి నాగూరమ్మ అరిచింది. "ఆమెకు వెయ్యబాకయ్యా! షుగరు మనిషి!"

బంతి అంతా నా వైపు తిరిగింది. మగపెళ్ళివాళ్ళు కూడా. ఎవరో ఆడమనిషి "అయ్యో, ఈ వయసుకేనా" అంది. తింటున్న చెయ్యి కడుక్కుని లేచాను. ఇంటికి పంపిన పొట్లంలో లడ్లున్నాయి. వంటింటి తలుపు దగ్గరగా వేసి, నిలబడి అన్నీ తిన్నాను. తీపి తెలియలేదు. ఆమె మీద కసి తెలిసింది, అంతే. నా ఒళ్ళు పాడు చేసుకుని ఆమెకు బుద్ధి చెబుదామనుకున్నాను. రాస్తుంటే ఇప్పుడు నవ్వొస్తోంది గానీ, షుగరున్న వాళ్ళకు ఈ కసి తెలిసే ఉంటుంది.

ఇక మంట సంగతి. మా వైపు మిరప కోతల రోజుల్లో మంట లేని చెయ్యీ కాలూ ఉండవు. కల్లంలో కాయ పైదీ కిందదీ సమంగా ఎండాలని కాళ్ళతో తిరగేస్తాం. సాళ్ళు తోలినట్టు పాదాలు ఈడ్చుకుంటూ అటూ ఇటూ నడుస్తాం. ఇంటికొచ్చి మజ్జిగలో కాళ్ళు పెట్టుకుని, ఆముదం రాసుకుని కూర్చుంటాం. అందుకే నా పాదాలు మండటం మొదలైనప్పుడు నేనేమీ అనుకోలేదు. మిరప మంట అనుకున్నాను. వానాకాలంలో, కాయ లేనప్పుడు మండినా, ఒంట్లో పట్టిన పాత ఘాటు అనుకున్నాను. మా కల్లంలో ఎవర్ని అడిగినా అదే చెప్పేవాళ్ళు. దర్గాకు పోయినప్పుడల్లా ఆ మంట తగ్గించమని వేడుకునేదాన్ని.

కిందటేడు కోతలకు మంట పోయింది. కల్లంలో మిగతావాళ్ళు అమ్మో అయ్యో అంటుంటే నాకు చల్లగా ఉంది. "నీ కాళ్ళకు ఏం మందు పూశావమ్మా మస్తానమ్మా?" అని అడిగారు. నేను మురిసిపోయాను. అల్లా నా మొర విన్నాడని బెల్లం వేసి మలీదా చేసి, దర్గాలో ఫాతిహా ఇప్పించి అందరికీ పంచాను. నాకు నొప్పి లేదు కదా అని వాళ్ళను నీడలో కూర్చోబెట్టి, వాళ్ళ వంతు కాయ కూడా నేనే తిరగేశాను.

మంట పోలేదు. మంట తెలిసే నరం పోయింది. ఆ సంగతి నాకు గుంటూరులో తెలిసింది.

మరునాడే బయల్దేరాం. మా ఆయన ఆటో పిలిచాడు. నేనెక్కేసరికి నాగూరమ్మ సంచి పట్టుకుని అందులో కూర్చుని ఉంది. చుక్క లేదు కాబట్టి ఆటో అతనికి చెప్పింది. "నాకు గుంటూరులో సొంత పనుంది బాబూ. ఎవరి కోసమో వస్తున్నాననుకునేరు." సొంత పనేమిటో ఇంతవరకూ చెప్పలేదు.

ఆటో దిగి బస్సెక్కాక కూడా మా ఆయన దారి పొడుగునా తిడుతూనే ఉన్నాడు. "చెప్పులేసుకోమంటే విన్నావా? మాత్రలేసుకోమంటే విన్నావా? నీ ఇష్టం నీదేగా!" బస్సులో వాళ్ళంతా విన్నారు. ఆయన భయపడితే అలాగే మాట్లాడతాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆ సంగతి నాకు తెలిసినా, ఆ రోజు మాత్రం ప్రతి మాటా తగిలింది.

ఆసుపత్రి వసారాలో బెంచీల నిండా మాలాంటివాళ్ళే. కట్లు కట్టిన కాళ్ళు, సగం పాదాలు, చంకలో కర్రలు. నేను నేల చూపులు చూస్తూ కూర్చున్నాను. నేల చూస్తే ఆ కాళ్ళే కనపడుతున్నాయి, ఎటు చూడాలో తెలియలేదు. ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన, తను కాలు పెట్టుకున్న పీటను నా ముందుకు జరిపాడు. "కాలు పైకి పెట్టుకో తల్లీ, కిందికి వేలాడేస్తే బరువెక్కుద్ది. నాది ఎటూ సగమేగా, గాల్లో ఉన్నా ఫరవాలేదు." అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నా ఏడుపు ఆగింది. ఆయన పేరు అడగలేదు. నమాజులో ఆయన్ను "పీట ఇచ్చిన పెద్దాయన" అని తలుచుకుంటాను. అల్లాకు తెలియకపోతుందా?

డాక్టరమ్మ చిన్న వయసుది. సన్నటి నైలాను దారం లాంటిది పట్టుకుంది. "కళ్ళు మూసుకోండమ్మా. పాదానికి తగిలినప్పుడల్లా 'ఊ' అనండి."

కళ్ళు మూసుకున్నాను. ఎడమ కాలికి రెండు మూడు చోట్ల "ఊ" అన్నాను. ఆ తర్వాత కుడికాలు పట్టుకున్నారని మడమ దగ్గర చెయ్యి తగిలితే తెలిసింది. ఇంక దారం కోసం చూస్తున్నాను. ఎంతకీ తగలదు. ఆమెకు వేరే పనేదో వచ్చిందేమో అనుకుని, మర్యాదగానే అన్నాను. "మొదలుపెట్టండి డాక్టరమ్మా, నేను సిద్ధమే."

కళ్ళు తెరిచాను. నాగూరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. డాక్టరమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"అయిపోయిందమ్మా. అన్ని చోట్లా చూశాను."

ఎక్సరేలో పాదం లోపల సన్నటి గీత కనపడింది. పరుపులు కుట్టే దబ్బనం మొన. ఎప్పుడు విరిగిందో, ఎప్పుడు దిగిందో, ఎంత కాలంగా దాని మీద నడుస్తున్నానో తెలియదు. మా ఆయన ఆ ఫిల్ము వంక చూసి, "అది నా దబ్బనమే" అన్నాడు. ఆ తర్వాత ఆయన తిట్టలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తిడితే బాగుండుననిపించింది.

"సూది తీసేస్తాం, చీము శుభ్రం చేస్తాం" అంది డాక్టరమ్మ. "చిటికెన వేలి ఎముకకు పట్టింది, ఆ వేలు దక్కదు. పాదం దక్కుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను. పుండు మానాలంటే షుగరు దిగాలి. దిగిందా, పాదం మీకు మిగులుతుంది."

వేలు తీసేశారు. వార్డులో మంచం మీద పడుకుని, మా నాన్న నేర్పిన ఖురాను సూరాలు చదువుకునేదాన్ని. నేను బడికి పోయినదాన్ని కాదు. దూది ఏకుతూ ఏకుతూనే మా నాన్న నాకు బొగ్గుతో గోడ మీద తెలుగు అక్షరాలు దిద్దించాడు, సూరాలు కంఠతా పట్టించాడు. చిన్నప్పట్నుంచీ ఎక్కడా తడబడని సూరా, అక్కడ సగంలో ఆగిపోయేది. పాదం లేకపోతే నమాజులో నేలకు నుదురానించి సజ్దా ఎలా చేస్తాను, నీళ్ళ బిందె ఎలా ఎత్తుతాను, ఇదే ఆలోచన. దేవుడికి థాంక్సు చెప్పి మలీదా పంచింది దేనికి? నా కాలు చచ్చిపోయినందుకా? ఆ ప్రశ్న నన్ను పుండు కంటే ఎక్కువ బాధపెట్టింది.

మధ్యాహ్నం కంచం వచ్చింది. నాగూరమ్మ దాన్ని నా ముందు పెట్టి, "మస్తానీ, తిను" అంది. ఏడాది తర్వాత నేరుగా నాతో అన్న మొదటి మాట అది. అని, తను కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను తిన్నంతసేపూ నా కంచం వంక చూడలేదు. అది ఆమె కావాలని చేసిందని నాకు అర్థమైంది.

"అక్కా" అన్నాను. "ఆ రోజు బంతిలో అంతమంది ముందు అరవాలా? నా చెవిలో చెప్పొచ్చుగా?"

"నాకు మెల్లగా మాట్లాడ్డం ఎప్పుడొచ్చే?" అంది. కిటికీ వైపే చూస్తూ చెప్పింది. "మా అమ్మకు మోకాలి దాకా తీసేశారు. నువ్వు కాపరానికి రాకముందు. తీపి కావాలని చిన్నపిల్లలా ఏడ్చేది. ఏడుస్తుంటే చూడలేక నేనే పెట్టేదాన్ని, అన్నయ్యకు తెలియకుండా. ఆ లడ్డు గిన్నె నీ దగ్గర ఆగేసరికి నాకు మా అమ్మ కనపడింది. నోరు అదే లేచింది."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"చుక్కతో చెప్పే మాటా అది?"

ఇద్దరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాం. నర్సమ్మ వచ్చి "ఏంటమ్మా ఇది, కుట్లున్నాయి, కదలొద్దు" అని కోప్పడింది.

ఇంటికొచ్చేసరికి రంజాను, ఒక్కపొద్దుల నెల వచ్చింది. పుండు ఇంకా తడిగానే ఉంది. పొద్దున్నే పొట్టకు ఇన్సులిను సూది వేసుకుని, వేళకు తినాలి. ఈ ఏడాది ఒక్కపొద్దు ఉండొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఊహ తెలిసినప్పట్నుంచీ నాకు ఆ నెలంటే ప్రాణం. ఇంటిల్లిపాదీ నోరు కట్టుకుని ఉంటే, నేను మిట్ట మధ్యాహ్నం జొన్నరొట్టె తినాలి. సిగ్గేసి వంటింటి తలుపు దగ్గరగా వేసుకున్నాను. నాగూరమ్మ తలుపు తోసింది.

"తలుపెందుకు వేశావు?"

"అందరూ ఒక్కపొద్దున్నారు కదక్కా."

"తెరిచి పెట్టుకుని తిను. తలుపు చాటు తిండి నీకు అచ్చిరాలేదు." ఆ లడ్ల సంగతి ఆమెకు తెలుసని నాకు అప్పుడే తెలిసింది. నా మొహం చూసి గొంతు తగ్గించింది. ఆమెకు చేతనైనంత తగ్గించింది. "ఈ ఏడాది నీ ఒక్కపొద్దు నోటికి కాదు, కాలికి. వట్టికాలితో నేల మీద అడుగు పెట్టకు. అదే నీ ఒక్కపొద్దు. చెయ్యగలవా?"

చేశాను. పొద్దు గుంకాక అందరూ ఖర్జూరం తీసుకుంటుంటే, నాగూరమ్మ ఒక పండును రెండు చేసి సగం నా చేతిలో పెట్టింది, సగం తను నోట్లో వేసుకుంది. లడ్డు దగ్గర తెగింది ఆ సగం పండు దగ్గర అతుక్కుంది.

నా పాదం ఆమె చూసేది. రోజూ సాయంత్రపు అసర్ నమాజయ్యాక వసారాలో ఎండ పడే చోట కూర్చుని, నా కాళ్ళు రెండూ ఒళ్ళోకి తీసుకునేది. నేను వెనక్కి లాక్కునేదాన్ని. వయసులో పెద్దది, వరసలో అక్క. ఆమె ఒళ్ళో నా కాళ్ళు పెట్టడమేమిటి?

"తప్పక్కా. పాపం తగులుద్ది నాకు."

"పుండు తగిలాక పాపం ఎక్కడ తగులుద్దే, చోటేదీ? తే ఇటు." మడమ, అరికాలు, వేళ్ళ సందులు, ఒక్కొక్కటీ తిప్పి చూసేది. "ఎలా ఉందక్కా?" అని అడిగితే, "నీ నోటి కంటే శుభ్రంగా ఉంది" అనేది.

మా ఆయన కూడా తన పని తను మొదలుపెట్టాడు. పాడైపోయిన పాత స్పీకరు లోంచి అయస్కాంతం ఊడదీసి తాడు కట్టాడు. రోజూ పని ముగించాక దాన్ని వసారా అంతా ఈడ్చుకుంటూ తిరుగుతాడు. గుండుసూదులు, మొనలు, మేకులు దానికి అంటుకుంటాయి. దారిన పోయేవాళ్ళు "ఏం ఖాసిం, మేక చాలక ఇనపకుక్కను కూడా పెంచుతున్నావా?" అంటారు. ఆయన పట్టించుకోడు. నోటితో సారీ చెప్పడం ఆయనకు రాదు. ఆ తాడు చప్పుడు వింటే నాకు చెప్పినట్టే ఉంటుంది.

తొలకరి పడ్డాక డాక్టరమ్మ కట్టు విప్పి, పాదం అంతా నొక్కి చూసి, "నీ పాదం నీకు దక్కిందమ్మా" అంది. నేను ఆమె చేతులు కళ్ళకద్దుకున్నాను. స్పర్శ మాత్రం తిరిగి రాకపోవచ్చంది. "ఇక నీ పాదాలకు కళ్ళే దిక్కు. రోజూ చూడాలి. చెప్పులు లేకుండా ఇంట్లో కూడా నడవొద్దు."

వార్డులో నన్ను వేధించిన ప్రశ్నకు జవాబు ఆ రోజు తిరుగు ప్రయాణంలో, బస్సు కిటికీ లోంచి పత్తి మొలకలు చూస్తుంటే తోచింది. మంట తగ్గడం దయ అనుకున్నాను, పొరపడ్డాను. దయ ఆ నెత్తుటి అడుగుల రోజున మా వసారా నిండా తెల్లగా పరుచుకుని ఉంది. దాన్ని చూసే మనిషిని కూడా అల్లా అక్కడే కూర్చోబెట్టాడు.

ఇప్పుడు షుగరు అంకె ఎక్కువొస్తే తల దించుకోను. వాన కబురు విన్నట్టు వింటాను. వానొస్తుందంటే కల్లంలో కాయ మీద పట్టా కప్పుకుంటాం గానీ, మేఘాన్ని చూసి సిగ్గుపడం కదా. కొన్ని రోజులు విసుగొస్తుంది, ఈ సూదులు, ఈ కొలతలు జన్మంతా ఉంటాయా అని. ఆ రోజు నాగూరమ్మతో చెప్పుకుంటాను. ఆమె నాలుగు తిట్టి టీ ఇస్తుంది. చక్కెర లేకుండా. తనూ అదే తాగుతుంది.

మా వైపు మిరప కల్లాల్లో తిరిగే అక్కచెల్లెళ్ళకు ఒక్కటే చెబుతాను. కాళ్ళు మండితే అంతా కాయ మంటే అనుకోకండి. మంట ఉన్నట్టుండి పోతే అసలు మురిసిపోకండి. చూపించుకోండి.

ఇక అసలు విషయం. మొన్నొకరోజు నాగూరమ్మ నా పాదాన్ని మొహానికి బాగా దగ్గరగా పెట్టుకుని చూస్తోంది. ఎంతసేపటికీ వదలదు. బొటనవేలితో తడుముతోంది. మడమ మీద కల్లం నుంచి అంటుకున్న కాయ తొక్క ఎర్రగా నాకే కనపడుతోంది, ఆమె దాన్ని దాటుకుని పోయింది.

"అక్కా, నీకు కనపడుతోందా?"

"కనపడకపోతే ఏం, వేళ్ళకు తెలుస్తుందిలే."

ఎన్నాళ్ళ నుంచి ఇలా తడిమి చూస్తోందో! రెండు కళ్ళకూ శుక్లాలట. ముదిరిపోయాయట. వచ్చే వారం ఆపరేషను. నేను వెంట వస్తానంటే నాతో చెప్పకుండా మళ్ళీ చుక్క దగ్గరికే పోయింది. "ఓసే చుక్కా, భయపడేవాళ్ళకు తోడు కావాలి. నాకెందుకే తోడు?" అంది. అంటూనే చుక్క తాడును ముడేస్తోంది, విప్పుతోంది. నేనూ చుక్కకే చెప్పాను. "నాకు గుంటూరులో సొంత పనుందని చెప్పవే."

ఈసారి ఆ బెంచీ మీద తోడుగా నేను కూర్చుంటాను. పీట కూడా పట్టుకుపోతాను, ఎవరికైనా కావాల్సొస్తుంది.

ఇది చదివినవాళ్ళు ఒకసారి మీ పాదం తిప్పి చూసుకోండి. మీకు వంగడం కష్టమైతే చూసి పెట్టమని ఇంట్లో ఎవరినైనా అడగండి, సిగ్గుపడకండి. చూసుకున్నాక, మీరు కొలిచే దేవుడికి మా నాగూరమ్మ కళ్ళ గురించి ఒక్క మాట చెప్పండి. నా రెండు పాదాలు ఇన్నాళ్ళూ ఆ కళ్ళతోనే నడిచాయి.